పేజీ తిరిగినా కథ ఆగలేదు

2023 ఏప్రిల్. జూబ్లీహిల్స్‌లో కొండరాళ్ళ మధ్య కట్టిన ఒక ప్రైవేటు బడి. అప్పటికి నేను అక్కడ పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్ళు ఇంగ్లీషు టీచరుగా, ఆ తర్వాత అడ్మిషన్ల విభాగంలో. చేరడానికొచ్చిన పిల్లలతో కాసేపు కూర్చుని, ఎవరికి ఎంత వచ్చో చూసి, ఏ తరగతిలో చేర్చుకోవచ్చో చెప్పడం నా పని. దీన్ని మేం పరీక్ష అనం, అనకూడదు. ‘ఇంటరాక్షన్’ అంటాం. పేరు మార్చినంత మాత్రాన బయట బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రుల చేతులకు చెమటలు పట్టడం మాత్రం ఆగదు.

ఆ బెంచీ నా గది కిటికీ కిందే ఉంటుంది. అక్కడ నా చెవిన పడని మాట లేదు. ఏ హీరో పిల్లలు ఇక్కడ చదువుతున్నారని ఒకరు అడుగుతారు. బస్సులో ఏసీ ఉంటుందా అని ఇంకొకరు. ఒకావిడ భర్త తీసేవన్నీ తెలుగు సినిమాలే, ఆవిడ మాత్రం పిల్లాడికి తెలుగు సబ్జెక్టు తప్పించుకునే దారి ఏమైనా ఉందా అని మెల్లగా అడిగింది. శ్రీనగర్ కాలనీ నుంచి మనవడిని తీసుకొచ్చిన ఒక తాతగారు, పద్యాలు నేర్పుతారా లేదా తేల్చి చెప్పమని నాతో పోట్లాడినంత పని చేశారు. మీ ఇంటి పక్కనే బడి ఉంది కదా, ఇంత దూరం ఎందుకు అని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు, అది అంత బాగుండదని. బడుల విషయంలో మన జనానికి దూరపు కొండలు ఎప్పుడూ నునుపే. చదవడం ఎలా నేర్పుతారని మాత్రం నన్ను ఎవరూ అడగలేదు. నేనూ దాని గురించి పెద్దగా ఆలోచించలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆ ఏప్రిల్‌లో ఒక ఉదయం తన్విక వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల, నాలుగో తరగతికి. తండ్రి వీరభద్రం గారిది తణుకు దగ్గర ఊరు. దరఖాస్తులో వృత్తి దగ్గర ‘సినిమా పరిశ్రమ’ అని రాశారు. మా దగ్గరికొచ్చే దరఖాస్తుల్లో సగం వాటిలో ఉండేది అదే కనక నేను వివరం అడగలేదు. తల్లి సుజాత హైదరాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి. ఫిల్మ్‌నగర్‌లో వాళ్ళింటి ముందుగదిలో మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. పిల్ల అప్పటిదాకా వాళ్ళ సందు చివర ఉన్న చిన్న బడిలో చదివింది.

“ఆ బడికేమైంది?” అని అడిగాను.

“ఏం గాలే మేడం. ఇంటికి దగ్గర, టీచర్లు మంచిగనే చూస్కుంటరు. ఈయనకే నచ్చుతలేదు,” అంది సుజాత.

“అక్కడ పిల్లలెవరూ ఇంగ్లీషు మాట్లాడరండీ,” అన్నారు భద్రం గారు. “మా అమ్మాయి గడగడా చదివేస్తుంది. అంత తెలివైన పిల్లని ఆ సందులోనే ఉంచేస్తే రేపు పెద్దయ్యాక నన్నే అంటుందండీ.”

“నాకైతే బడి పేరుతోని పని లేదు. పిల్లకు చదువు రావాలె, గంతే,” అంది సుజాత, భర్త వైపు చూడకుండా.

వాళ్ళను బయట కూర్చోమని, నా పాత ఇంగ్లీషు కథల పుస్తకం తీసి పదకొండో పేజీ తెరిచాను. బావిలో పడ్డ నక్క కథ అది. మూడు, నాలుగు తరగతులకొచ్చే వాళ్ళందరికీ నేనిచ్చేది ఆ పేజీయే. తన్విక చూపుడువేలు మొదటి వాక్యం కింద పెట్టి మొదలెట్టింది. తడుముకోలేదు. నక్క అరిచిన చోట గొంతు పెంచింది, మేక అమాయకంగా అడిగిన చోట తగ్గించింది. నేను వింటూ పెన్ను కింద పెట్టేశాను. నా కాగితం మీద ‘చాలా బాగుంది’ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ వారమే వాళ్ళు పాత బడి నుంచి టీసీ, అంటే బదిలీ పత్రం, తెచ్చి ఇచ్చేశారు.

జూలై రెండో వారంలో నాలుగో తరగతి టీచరు రెహానా నా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడింది. నాకంటే పదేళ్ళు చిన్నది, మాట మాత్రం సూటిగా ఉంటుంది.

“మేడం, తన్వికను ఏప్రిల్‌ల ఎవరు చూసిన్రు?”

“నేనే. ఏం?”

“ఆ పిల్లకు చదువుడు వస్తలేదు.”

నాకు కోపం వచ్చింది. పద్దెనిమిదేళ్ళ అనుభవానికి వచ్చే కోపం అది, నిజంతో దానికి పని ఉండదు. “ఆ పిల్లకా? పిలిపించు,” అన్నాను.

తన్విక వచ్చి కూర్చుంది. పదకొండో పేజీ తెరిచి ఇచ్చాను. గుక్క తిప్పుకోకుండా మొదలెట్టింది. నేను రెహానా వైపు, చూశావా అన్నట్టు చూశాను. సరిగ్గా అప్పుడే పైన ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోయింది. నక్క పోయి, ఆ పక్క పేజీలో రైలు బొమ్మ వచ్చింది. తన్విక ఆగలేదు. రైలు చక్రాల కింద వేలు జరుపుకుంటూ, నక్క మేకను బావిలోకి దిగమని బతిమాలే వాక్యాలు ఒక్కటీ పొల్లు పోకుండా చదివేసింది. కథ పూర్తయ్యాక తల ఎత్తి నవ్వింది.

రెహానా ముందు నాకు తల తీసేసినట్టయింది.

“ఇప్పుడు ఈ రైలు కథ చదువమ్మా,” అన్నాను. తన్విక వేలు పెట్టింది. నోరు తెరవలేదు. ఆమె చూపు పుస్తకం మీద లేదు, నా నోటి మీద ఉంది. నేను నాకు తెలియకుండానే మొదటి మాటకు పెదాలు కదిపాను. పిల్ల వెంటనే ఆ మాట అంది. రెండో మాటకూ కదిపాను, అదీ అంది. అప్పుడు నోరు గట్టిగా మూసుకున్నాను. తన్విక కూడా ఆగిపోయింది.

ఆ తర్వాత కోపం పోయి నన్ను ఒకటే కుతూహలం పట్టుకుంది. చదవడం రాని పిల్ల ఏప్రిల్‌లో నా ముందు ఆ పేజీ ఎలా చదివింది? ఎక్కడ చూసింది? తెలుగు పుస్తకం తెప్పించాను. అయిపోయిన పాఠం గడగడా అప్పజెప్పింది. ఇంకా చెప్పని పాఠం తెరిస్తే కాసేపు నీళ్ళు నమిలింది. నేను కదలకుండా కూర్చునేసరికి అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండు మాటలు చదివింది. అంటే కంటిలోగానీ బుర్రలోగానీ లోపం లేదు. ఆ కళ్ళతో పని చేయించిన వాళ్ళే లేరు.

“ఈ నక్క కథ నీకెవరు చెప్పారమ్మా?”

“నాన్న. బయట బెంచీ మీద. చెవిలో మూడుసార్లు చెప్పాడు,” అంది తన్విక. అందులో దాచాల్సిందేమీ ఆ పిల్లకు కనపడలేదు.

కొంచెం కొంచెంగా ఆ పిల్లనూ, తర్వాత ఒకరిద్దరు తల్లులనూ అడిగితే మొత్తం తేలింది. ఆ రోజు బెంచీ మీద పక్కన కూర్చున్న ఒక తల్లి ఫోనులో నా పదకొండో పేజీ ఫోటో ఉందట. మా బడికి పిల్లల్ని పంపాలనుకునే తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో అది కొన్నేళ్ళుగా తిరుగుతోందట. ఏళ్ళ తరబడి ఒకటే పేజీ ఇస్తే ఏమవుతుంది మరి! ఎంతమంది గడగడా చదివితే ‘చాలా బాగుంది’ అని రాశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాళ్ళలో ఎంతమందికి నిజంగా చదవడం వచ్చో దేవుడికే తెలియాలి.

మర్నాడు తల్లిదండ్రులను పిలిపించాను. విషయం చెప్పగానే భద్రం గారు నొచ్చుకున్నారు.

“రాకపోవడమేంటండీ? ఒక్కసారి చెప్తే పట్టేస్తుంది. కావాలంటే ఇప్పుడే ఏ పేజీ అయినా ఇవ్వండి, నేను రెండుసార్లు అందిస్తాను, మూడోసారి అదే చెప్పేస్తుంది.”

“మీరు అందించడం ఏమిటి?” అన్నాను. అప్పటికి గానీ ఆయన చేసే పని ఏమిటో అడగాలని నాకు తోచలేదు.

“అదే కదండీ నా వృత్తి. ప్రాంప్టింగ్,” అన్నారాయన. చెబుతుంటే గొంతులో గర్వం వినపడింది. “పేరుకి అసిస్టెంట్ డైరెక్టర్‌నే. ఇరవై ఏళ్ళుగా చేసేది మాత్రం ఇదేనండీ. ముంబై నుంచి వచ్చిన హీరోయిన్‌కి తెలుగు ముక్క రాదు. నేను కెమెరా పక్కన, ఆవిడ చూపు పడేచోట నిలబడి డైలాగు ముక్కలు ముక్కలుగా అందిస్తాను. ఆవిడ నా నోరు చూసి అనేస్తుంది. తర్వాత డబ్బింగ్‌లో ఇంకొకరి గొంతు పడుతుంది. థియేటర్లో కూర్చుంటే పదహారణాల తెలుగమ్మాయి మాట్లాడుతున్నట్టే ఉంటుందండీ. జనం ఈలలేస్తారు.”

కరోనా ఏడాది షూటింగులు ఆగిపోయి ఆయన ఇంట్లోనే ఉన్నారు. అప్పుడు తన్విక ఒకటో తరగతి, చదువంతా ఫోనులో. టీచరు ఫోనులోంచి ప్రశ్న అడిగేది. ఫోను పక్కన, కెమెరాలో పడకుండా, భద్రం గారు కూర్చునేవారు. పిల్ల నోట జవాబు తడబడకుండా వచ్చేది. టీచరు అందరి ముందూ మెచ్చుకునేది. ఆయనకు దానిలో మోసం ఏమీ అనిపించలేదు. పిల్లకు సాయం చేశాననే అనుకున్నారు. తర్వాత బడి తెరిచినా సాయంత్రాలు అదే పద్ధతి సాగింది. పాఠాలు, ప్రశ్నలు, జవాబులు అన్నీ ఆయన అందించడం, ఆ పిల్ల అప్పజెప్పడం. స్పెల్లింగులు కూడా పాటలాగా కంఠతా పట్టించారు, పాత బడి పరీక్షల్లో పాఠం చివరి ప్రశ్నలే అదే వరసలో వచ్చేవి కనక పిల్ల చదవకుండానే రాసేసేది.

సుజాత ముఖం ఎర్రబడింది. “అంటే మూడేండ్ల సంది పిల్ల చదువుతలేదు, నువ్వు చదువుతున్నవ్! నేను మిషను కాడ కూసొని, లోపట నా బిడ్డ చదువుతుందని మురుస్తున్న.”

“అదేంటి సుజాతా, మార్కులు నువ్వూ చూశావు కదా,” అన్నారాయన.

నేను ఆయన్ని ఒకటే అడిగాను. “భద్రం గారూ, ఆ హీరోయిన్‌కి షూటింగ్ అయిపోయాక తెలుగులో మంచినీళ్ళు అడగడం వచ్చిందా?”

“లేదండీ,” అన్నారాయన. “అదీ నేనే అడిగేవాణ్ణి.”

మా ప్రిన్సిపాల్ మేడం విషయం విని దసరా సెలవుల దాకా గడువు ఇచ్చారు. అప్పటికి తన్విక తెలియని పేజీ ఒకటి సొంతంగా చదవాలి. లేకపోతే టీసీ తీసుకుని ఏదైనా చిన్న బడిలో రెండో తరగతిలో చేరమని చెప్పాల్సి వస్తుందన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లను రెండేళ్ళు వెనక్కి, ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెట్టడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ నోరు తెరవదు. తప్పు చూస్తే నాదీ, వాళ్ళ నాన్నదీ. శిక్ష పిల్లకు.

రోజూ ప్రార్థనకు ముందు ఇరవై నిమిషాలు తన్వికను నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. మేం ‘కోల్డ్ రీడింగ్’ అంటాం. పిల్ల ముందెప్పుడూ చూడని పేజీ ఇచ్చి, ఎవరూ ఏమీ చెప్పకుండా చదివించడం. మొదటి రెండు వారాలు నరకం. ఎప్పుడూ చప్పట్లే విన్న పిల్ల, ఒక్కో మాట దగ్గర ఆగి, నా నోటి వైపు చూసి, ఏడ్చేది. నాకూ ఏడుపొచ్చేది. ఇంట్లో భద్రం గారికి నేను పెట్టిన నియమం ఒకటే, పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ నోరు తెరవకూడదు. ఇరవై ఏళ్ళు అందించడమే అన్నంగా బతికిన మనిషికి అది చిన్న శిక్ష కాదు.

“నోట్ల దస్తీ కుక్కుకొని కూసుంటుండు మేడం,” అని సుజాత ఒకరోజు ఫోనులో చెప్పింది. “చూస్తే నవ్వొస్తది, జాలి గూడ అయితది.”

అసలు మలుపు మాత్రం నా గదిలో రాలేదు, సుజాత మిషను దగ్గర వచ్చింది. ఆమె పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకుంది. కాస్ట్యూమ్ డిజైనర్లు వాట్సాప్‌లో కొలతలూ వివరాలూ ఇంగ్లీషులో పంపుతారు. అంకెలు ఆమె చూసుకునేది, మిగతాది భర్త చదివి చెప్పేవారు. ఇప్పుడు ఆ పని కూతురికిచ్చింది. ఒక సాయంత్రం ఒక మెసేజ్ వచ్చింది. తన్విక ఫోను అందుకుని, హుక్స్ వెనకవైపు అని చెప్పేసింది. అంతకుముందు వచ్చిన మెసేజ్‌లన్నిటిలో అదే ఉండేది కనక, చూడకుండా అలవాటుగా అప్పజెప్పింది. ఈసారి ముందువైపు అని ఉంది. సుజాత వెనకవైపు కోసి కుట్టేసింది. మర్నాడు బ్లౌజు తిరిగొచ్చింది.

“కొట్టలేదు మేడం, తిట్టలేదు,” అంది సుజాత ఆ తర్వాత నాతో. “ఆ బ్లౌజు దాని ఒడిల ఏసి, కుట్టు ఇప్పమన్న. రెండు గంటలు కూసొని ఇప్పింది. తప్పు చదివితే బట్ట కరాబైతదని దానికి అప్పుడు ఎరుకైంది.”

ఆ మర్నాడు నా దగ్గర తన్విక ఒక వాక్యం చదివి, ఆగి, వేలు వెనక్కి తీసుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఎవరూ చెప్పకుండా తన తప్పు తను దిద్దుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. నా మటుకు ఆ పిల్ల ఆ రోజే గట్టెక్కింది. కానీ ప్రిన్సిపాల్ మేడం ఒప్పుకోవాలి కదా.

దసరా సెలవులకు ముందు శుక్రవారం. మేడం నా గదికి వచ్చి కూర్చున్నారు. పుస్తకం నేను ఎంచలేదు. ఆవిడే లైబ్రరీ నుంచి కొత్తగా వచ్చిన కట్టలోంచి ఒకటి తీసి, మధ్యలో తెరిచి ఇచ్చారు. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ కాపలాదారు గురించి ఏదో. ఆ మాటే తన్విక ఎప్పుడూ విని ఉండదని నాకు భయం వేసింది. కిటికీ బయట బెంచీ దగ్గర సుజాత కూర్చుంది, భద్రం గారు నిలబడే ఉన్నారు.

తన్విక వేలు పెట్టింది. మొదటి వాక్యానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఒక మాట, ఆగడం, ఇంకో మాట. గొంతులో నక్క లేదు, మేక లేదు. రెండో వాక్యం పర్వాలేదు. మూడో వాక్యంలో ఆ ‘లైట్‌హౌస్’ అన్న పొడుగు మాట దగ్గర ఇరుక్కుపోయింది. మొదటి అక్షరం పలికింది, ఆగింది. మళ్ళీ పలికింది, ఆగింది. మేడం చేతి గడియారం చూసుకున్నారు. తన్విక తల ఎత్తింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, కళ్ళు తిన్నగా కిటికీలోంచి తండ్రిని వెతికాయి.

భద్రం గారికి ఆ మాట వచ్చు. లోపలి నుంచి వినపడిన ముక్కను బట్టి పట్టేసుండాలి, పెదాలు కదలబోవడం నేను చూశాను. ఒక్క క్షణం. పిల్ల ఈ బడిలో ఉండటం, పోవడం ఆ ఒక్క మాటలో ఉంది. ఆయన చేత్తో నోరు మూసుకుని, గిర్రున తిరిగి గోడ వైపు నిలబడ్డారు.

తన్విక కాసేపు ఆ వీపు వైపు చూసింది. తర్వాత తల దించి పుస్తకంలోకి చూసింది. ఆ మాటను వేలితో సగం మూసి, కనపడే సగం చదివింది. వేలు జరిపి మిగతా సగం చదివింది. రెండూ కలిపి గట్టిగా అంది. అని, తనే ఆశ్చర్యపోయినట్టు నా వైపు చూసింది. నేను ఏమీ చెప్పలేదు. మిగతా నాలుగు వాక్యాలు కూడా అలాగే, కుంటుతూ, ఒక్కదాన్నీ వదలకుండా పూర్తి చేసింది.

“ఈ మనిషి ఏం పని చేస్తాడు?” అని అడిగారు మేడం.

“రాత్రి లైటు వేస్తాడు. పడవలకి దారి కనపడాలని,” అంది తన్విక.

మేడం నా వైపు తిరిగి, “చాలా నెమ్మదిగా ఉంది,” అన్నారు. “కానీ చదువుతోంది. ఉండనీయండి.”

నేను బయటికి వెళ్ళి చెప్పేసరికి సుజాత కళ్ళొత్తుకుంటూ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. భద్రం గారు ఇంకా గోడ దగ్గరే ఉన్నారు. “ఒక్క ముక్క అందించలేదండీ,” అన్నారు. “ఇన్ని తడబాట్లున్న సీను నా సర్వీసులో ఓకే అవడం ఇదే చూడటం.”

తన్విక ఇప్పటికీ మా బడిలోనే చదువుతోంది. తరగతిలో మొదటి స్థానం కాదు, పదో పన్నెండో. వాళ్ళమ్మ మెసేజ్‌లన్నీ తనే చదువుతుంది, రెండేసిసార్లు. నేను నక్క పుస్తకాన్ని బీరువా అడుగున పడేసి, ఏ పిల్లకు ఆ పిల్ల లెక్కన అప్పటికప్పుడు పేజీ తీయడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరైనా గడగడా చదివితే నాకు అనుమానం, ఎక్కడో ఒకచోట ఆగి వెనక్కి వచ్చి చదివితే సంతోషం. ఆ బెంచీ మీది తల్లిదండ్రుల్లో అందించని వాళ్ళు ఎవరూ లేరని కూడా ఆ ఏడాదే తెలిసింది. ప్రేమ ఉన్నచోట నోరు ఊరుకోదు. అన్నేళ్ళూ టీచర్ని అని చెప్పుకున్న నా నోరే ఊరుకోలేదు.

అందుకే పిల్లలు నా ముందు చదువుతున్నంతసేపూ నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటాను. ఈ మేడంకి ఎప్పుడూ పంటి నొప్పేనని బయట బెంచీ మీద అనుకుంటూ ఉంటారు.